ఫైబర్ కస్టమర్లకి తెలుగు ఓటీటీ ప్యాక్ కలిపి ఇస్తే గిట్టుబాటు అవుద్దా? (గునుపూర్, రాయగడ జిల్లా)

గునుపూర్ కేబులబ్బాయి:

అందరికీ నమస్తే. మాది గునుపూర్. నాన్నగారి టైమ్ నుంచీ కేబుల్ నడుపుతున్నాం, దానికి తోడు ఈమధ్య ఒక కంపెనీ ఫైబర్ ఫ్రాంచైజీ కూడా తీసుకున్నాను. ఊళ్ళో, చుట్టుపక్కల కలిపి ఫైబర్ ఇళ్ళు నాలుగొందలు దాటవు, అందులో సగానికి పైగా ఇంట్లో తెలుగు, బయట ఒడియా మాట్లాడేవాళ్ళే.

సంగతేటంటే కేబుల్ తీయించేసుకునేవాళ్ళు నెలనెలా పెరుగుతున్నారు. ఎందుకండీ అంటే ఫోన్లో వచ్చేస్తున్నాయి కదా బాబూ అంటారు. మాకు పైనుంచి వచ్చే బేసిక్ ప్యాక్ ఒడియా, హిందీ ఛానెళ్ళతో నిండిపోయుంటది, తెలుగు కావాలంటే పైన ఇంకో బొకే (కొన్ని ఛానెళ్ళు కలిపిన ప్యాక్) వేయించుకోవాలి, అంటే మావాళ్ళు అక్కర్లేని వాటికీ కట్టి, అక్కరున్న వాటికీ కట్టి తెలుగు చూస్తున్నారన్నమాట. ఇది నా చేతిలో లేదు, పై ఎమ్మెస్‌వో (మాలాంటి కేబులోళ్ళకి ఛానెళ్ళు ఇచ్చే పెద్ద కంపెనీ) ఇచ్చింది నేను ఇస్తాను. కానీ తిట్లు మాత్రం నాకే.

ఇంకోపక్క జియో ఎయిర్‌ఫైబర్, అదే వైర్ లాగకుండా ఇంటికిచ్చే నెట్. 2023 సెప్టెంబర్‌లో వచ్చినప్పుడే రూ.599కి 14 ఓటీటీ యాప్‌లు కలిపి ఇచ్చారు, జనం దాన్ని చూసి నన్నడుగుతున్నారు నువ్వేటి ఇస్తావు అని.

ఇప్పుడు ఒకతను వచ్చాడు, ఓటీటీలన్నీ కలిపి మాలాంటి చిన్న ఆపరేటర్లకి అమ్మే కంపెనీ మనిషి. నా ఫైబర్ కస్టమర్లందరికీ తెలుగు ప్యాక్ తీసేసుకుంటే ఇంటికి చాలా తక్కువ పడుద్దంట, కొందరికే తీసుకుంటే రేటు డబుల్ కన్నా ఎక్కువ. ఏడాది అగ్రిమెంటు, మినిమమ్ గ్యారంటీ (ఎవరు చూసినా చూడకపోయినా ఇన్ని ఇళ్ళకని నేను కట్టాల్సిందే). నా డౌట్లు రెండు. అంత తక్కువకి వాళ్ళకెలా గిడుతుంది, అసలీ ప్రాంతీయ ఓటీటీలు ఎలాగ బతుకుతున్నాయి? రెండోది, రెండేళ్ళ తర్వాత ఆ యాప్ ఉంటదా? మూసేస్తే కస్టమర్ వాళ్ళని పట్టుకోడు, నా ఇంటికొచ్చి కూర్చుంటాడు. తెలిసినవాళ్ళు చెప్పండి, ఉత్తినే "ఫ్యూచర్ అంతా ఓటీటీదే బ్రో" అని రాయొద్దు దయచేసి.

బరంపురం టు హైదరాబాద్:

అన్నా నమస్తే, మాది బరంపురం. హైదరాబాద్‌లో ఒక స్ట్రీమింగ్ కంపెనీలో చందాల సైడ్ పని చేసి బయటికొచ్చాను, పేరు అడక్కండి. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు డబ్బు సంగతి. రూ.99 నెల ప్లాన్ ఉందనుకోండి. అందులో 18 శాతం జీఎస్టీ, అది తీసేస్తే దగ్గరదగ్గర 84 మిగులుద్ది. కస్టమర్ గూగుల్ ప్లే లోంచి కడితే గూగుల్ వాడి కమిషన్ 15 శాతం (2022 నుంచి చందాలకి అదే రేటు, అంతకుముందు మొదటి ఏడాది 30 ఉండేది), అంటే చేతికొచ్చేది 71. అందులోంచే సినిమా హక్కులు, సొంత షోలు, సర్వర్లు, వీడియో మోసుకొచ్చే సీడీఎన్ బిల్లు, యాడ్స్ ఖర్చు. ఒక కొత్త కస్టమర్‌ని పట్టడానికి పెట్టే యాడ్ ఖర్చే చాలాసార్లు మూడు నాలుగు నెలల చందా తినేస్తుంది. వాడు రెండో నెలలో పోతే ఇక చెప్పక్కర్లేదు.

అందుకే డౌన్‌లోడ్లు ఇన్ని కోట్లు అని పేపర్లో వేసుకుంటే నమ్మకండి. లోపల కూర్చున్నవాళ్ళు చూసేది ఒకటే, మొన్న కట్టినవాడు మళ్ళీ కట్టాడా లేదా. సినిమా కోసం వచ్చినవాడు సినిమా చూసి పోతాడు. వాణ్ణి ఆపడానికి వారం వారం వచ్చేది ఏదో ఉండాలి. ఆహాని చూడండి, 2020 ఉగాదికి మొదలైంది, అప్పట్లో ఏడాదికి రూ.365, రోజుకి రూపాయి అన్న లెక్క. పెద్ద హీరోల సినిమాల హక్కుల కోసం నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వాళ్ళు పెట్టే డబ్బు ముందు ఏ ప్రాంతీయ యాప్ అయినా నిలబడడం కష్టం. అందుకే మలయాళం సినిమాలు తెలుగులోకి డబ్ చేసి లైబ్రరీ నింపారు (తక్కువ ఖర్చు, క్వాలిటీ కథలు, తెలివైన పని అది), తర్వాత 2021లో బాలకృష్ణ గారి టాక్ షో, ఆ తర్వాత పాటల పోటీ. ఇవన్నీ వారానికోసారి వచ్చేవి, అంటే చందా తెగకుండా పట్టుకునేవి. 2022లో తమిళం కూడా మొదలెట్టారు, ఎందుకంటే ఒక్క భాషతో ఆదాయం ఒక చోట ఆగిపోతుంది, యాప్ నడిపే ఖర్చు మాత్రం ఆగదు.

బెంగాలీ వాళ్ళ హోయ్‌చోయ్ ఇంకో రకం. 2017లో వచ్చింది, వెనకాల ఎస్‌వీఎఫ్ సినిమా కంపెనీ ఉంది, పాత సినిమాలన్నీ చేతిలోనే ఉన్నాయి, పైగా బంగ్లాదేశ్ మార్కెట్, విదేశాల్లో ఉన్న బెంగాలీలు. డాలర్లలో కట్టేవాడు ఒకడుంటే ఇక్కడ రూపాయల్లో కట్టే పదిమందితో సమానం. మన తెలుగు యాప్‌లకి కూడా అమెరికా వాళ్ళు అందుకే ముద్దు. గునుపూర్ కస్టమర్ అంత ముద్దు కాదు అన్నా, నిజం చెప్తున్నా.

ఇక మీ మొదటి డౌట్, అంత తక్కువకి ఎలా ఇస్తారు. సింపుల్. నాలుగొందల ఇళ్ళకి ఇస్తే లాగిన్ అయ్యేది ఎంతమందో వాళ్ళకి తెలుసు. ఓటీపీ కొట్టి యాక్టివేట్ చేసుకోనివాళ్ళు బోలెడుమంది ఉంటారు, వాళ్ళ తరఫున మీరు కట్టే డబ్బే ఆ కంపెనీ లాభం. రేటు తక్కువగా కనబడేది చూడనివాళ్ళ పుణ్యమే. ఒడియా ఇళ్ళకి కూడా తెలుగు ప్యాక్ అంటగడుతున్నాడంటే అర్థం అదే.

సిరొంచ పోరడు:

మాది మహారాష్ట్ర బార్డర్, గడ్చిరోలి జిల్లా సిరొంచ. మీ ఒడిశా లెక్కనే మాది గూడ, ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ. రెండు ముక్కలు చెప్త.

మా దిక్కు ఫైబర్ గిట్ల ఎక్కువ లేదన్న, అంత ఫోన్ మీదనే నడుస్తది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఏసుకుంటరు. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళే చెప్పేది ఏందంటే మీడియం క్వాలిటీ పెడ్తె గంటకు 0.7 జీబీ దాకా, హై పెడ్తె 3 జీబీ దాకా. అంటే మీడియంల చూసినా ఒక సినిమా అయ్యేసరికి ఆనాటి ప్యాక్ ఖతం. ఇగ రెండో సినిమా ఎవడు చూస్తడు, నెల చందా ఎందుకు కడ్తడు? గందుకే మా పోరగాళ్ళు వైఫై ఉన్న దోస్తు ఇంటికి పోయి డౌన్‌లోడ్ చేసుకొని వస్తరు. గా డౌన్‌లోడ్ బటన్ లేని యాప్‌ను మా దిక్కు ఎవ్వడు ఉంచుకోడు. మీ తాన ఫైబర్ ఉన్నదంటే గదే మీకు పెద్ద బలం, ఓటీటీ కాదు.

ఇంకోటి. ఈ హైదరాబాద్ యాప్‌లోల్లు యాప్ మొత్తం తెలుగు అక్షరాలల్ల పెట్టిన్రు అని సంబరపడ్తరు. మా పోరగాళ్ళకు తెలుగు మంచిగ అర్థమైతది, మాట్లాడ్తరు, గని సదువరాదు, మరాఠీ అక్షరాలే వచ్చు. మెనూల తెలుగుల ఏం రాసిన్రో మా తమ్మునికి తెల్వదు, బొమ్మ చూసి నొక్కుతడు. మైకు నొక్కి నోటితోని సినిమా పేరు చెప్తె దొరకాలె. మీ దిక్కు ఒడియా మీడియం పిల్లలది గూడ గిదే కథ అయి ఉంటది. సేల్స్ ఆయన వస్తె మీ పిల్లల చేతికి యాప్ ఇచ్చి ఒక సినిమా ఎతకమను, ఆడ్నే ఎర్కైతది.

గునుపూర్ కేబులబ్బాయి:

@సిరొంచ తమ్ముడూ నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. మా అన్నయ్య కూతురికి ఏడో క్లాసు, తెలుగు బోర్డు చదవలేదు, కానీ తెలుగు సీరియల్లో అత్తకి డైలాగ్ ముందే చెప్పేస్తది.

@బరంపురం అన్నా, "చూడనివాళ్ళ డబ్బే లాభం" అన్నది నా బుర్రకి తట్టలేదు. అయితే మరి జియో వాళ్ళు కూడా అందరికీ కలిపే ఇస్తున్నారు కదా, వాళ్ళకి నష్టం రాదేటి?

బరంపురం టు హైదరాబాద్:

వాళ్ళకి యాప్ సొంతం అన్నా. 2025 ఫిబ్రవరిలో జియోసినిమా, హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్ అయిపోయాయి కదా. సిమ్ వాళ్ళదే, వైర్ వాళ్ళదే, యాప్ వాళ్ళదే. 2023లో ఐపీఎల్ మొత్తం ఫ్రీగా చూపించి తర్వాత చందా పెట్టారు, అన్ని రోజులు ఫ్రీగా చూపించే దమ్ము ఎవడికుంది. మీరు హోల్‌సేల్‌లో కొని రిటైల్‌లో అమ్మేవాళ్ళు. వాళ్ళని చూసి మీరు వాత పెట్టుకోవద్దు.

పర్లాకిమిడి టీచరమ్మ:

బాబూ, నేను వ్యాపారం మనిషిని కాను, చూసేవాళ్ళ తరఫున రాస్తున్నాను. పర్లాకిమిడిలో ఉంటాం, పాతపట్నం పక్కనే, నది దాటితే ఆంధ్ర.

మా ఇంట్లో అత్తగారు, నేను, మావారు, ఇద్దరు పిల్లలు. పిల్లలు కేబుల్ తీయించేద్దాం అమ్మా, అన్నీ యాప్‌లో వస్తాయి అని పట్టుబడితే తీయించేశాం. తర్వాత మొదలైంది అసలు కథ. అత్తగారికి సాయంత్రం ఆరున్నర నుంచి పదింటి దాకా సీరియళ్ళు ఉండాలి, నాలుగు ఛానెళ్ళూ కలిపి చూస్తారావిడ. రిమోట్‌లో నంబర్లు నోటికొచ్చు. ఇప్పుడు అవే సీరియళ్ళు కావాలంటే స్టార్ మా వి జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో. నాలుగు యాప్‌లు, నాలుగు చందాలు, నాలుగు పాస్‌వర్డ్‌లు. ఒక సీరియల్ అయిపోగానే ఆవిడ "అమ్మాయ్, ఇంకో దాంట్లోకి మార్చు" అని పిలుస్తారు, నేను పొయ్యి మీద పోపు పెట్టి పరిగెత్తుకొస్తాను. కేబుల్లో అది ఒక్క బటన్. ఇంత సౌకర్యాన్ని మనుషులు పాతబడిపోయిందని ఎలా వదిలేశారో నాకర్థం కాదు.

ఒక నెల చూసి కేబుల్ మళ్ళీ వేయించుకున్నాం, ఆవిడ టీవీకి. పిల్లలకి ఇంటర్నెట్ వేరే. కాబట్టి మీరు కేబుల్‌ని చంపేసి దాని స్థానంలో ఓటీటీ పెట్టాలనుకోకండి, పెద్దవాళ్ళున్న ఇంట్లో అది కుదరదు.

రెండోది ఫోన్ ప్లాన్ల మోసం, మోసం అనకూడదేమో గానీ. జియోహాట్‌స్టార్ మొదలైనప్పుడు మూడు నెలలకి రూ.149 అన్నారు, చవగ్గా ఉంది కదా అని మా ఎదురింటావిడ కట్టేశారు. తీరా చూస్తే అది ఒక్క ఫోన్‌కే, టీవీలో రాదు, మధ్యలో యాడ్స్ కూడా. ఆవిడకి కావలసింది టీవీలో. నెట్‌ఫ్లిక్స్ రూ.149 ప్లాన్ కూడా ఫోన్‌కో ట్యాబ్‌కో మాత్రమే. మీరు ప్యాక్ అమ్మితే టీవీలో వస్తుందా రాదా అన్నది పెద్ద అక్షరాలతో చెప్పండి బాబూ.

మూడోది ఆటోపే. ఒక యాప్‌లో రూపాయికి ట్రయల్ అని పాప నొక్కింది, యూపీఐ పిన్ నేనే కొట్టాను రూపాయే కదా అని. వారం తిరక్కుండా మూడు నెలల చందా లాగేశారు. కట్ అయ్యే ముందు మెసేజ్ వచ్చిందట, రోజుకి వచ్చే యాభై మెసేజ్‌లలో అది ఎవరు చూస్తారు. తర్వాత మా స్కూల్లో కుర్ర మాస్టారు చూపించారు, యూపీఐ యాప్‌లోనే ఆటోపే అని ఒకటి ఉంటుంది, అందులోకి వెళ్ళి మనమే ఆపేయొచ్చు, ఆ ఓటీటీ వాణ్ణి బతిమాలుకోవక్కర్లేదు. ఇది మీ కస్టమర్లకి నేర్పిస్తే చాలు, జన్మంతా మీ కనెక్షన్ తీయించరు.

జయపురం స్టూడియో:

టీచర్ గారి పోస్టుకి దండం. నాది వేరే గోల. జయపురంలో పెళ్ళి వీడియోలు తీస్తాం, మధ్యలో షార్ట్ ఫిల్మ్‌లు కూడా. మన బార్డర్ తెలుగులో, మన యాసలో, సగం ఒడియా కలిసిన మాటల్లో తీసినవి హైదరాబాద్ యాప్ వాళ్ళకి పంపిస్తే జవాబు కూడా రాదు. హర్యానా, రాజస్థాన్ మాండలికాల కోసం స్టేజ్ అని యాప్ ఉంది, మాండలికాలతోనే చందాలు తెచ్చుకుంటున్నారు. మరి కేబుల్ అన్న లాంటివాళ్ళు నలుగురు కలిసి బార్డర్ తెలుగు యాప్ ఒకటి పెడితే ఏమవుద్ది? శ్రీకాకుళం నుంచి మల్కన్‌గిరి దాకా ఒకటే యాస కదా దాదాపు.

బరంపురం టు హైదరాబాద్:

@జయపురం అన్నా ఐడియా బాగుంది గానీ వద్దు. కోపం తెచ్చుకోకండి.

2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష వాళ్ళు 8 కోట్లకి పైన, ఒడియా 3.75 కోట్లు. 8 కోట్లున్న తెలుగులోనే ఒక్క భాషతో బతకడం ఎంత కష్టమో పైన చెప్పాను. ఒడియాలో ఆవో నెక్స్ట్, కాంచా లంకా లాంటివి ఉన్నాయి, 3.75 కోట్ల మంది ఉన్న భాషలోనే వాళ్ళు చెమటోడుస్తున్నారు. మన బార్డర్ వాళ్ళం ఎంతమంది? యాప్ తయారుచేయించడం పెద్ద విషయం కాదు, ఎవడో చేసిపెడతాడు. ఒక వీడియోని ఐదారు క్వాలిటీల్లో మార్చి పెట్టుకోవాలి, దొంగతనం కాకుండా డీఆర్ఎమ్, ఫోన్ వెర్షన్, టీవీ వెర్షన్, కొత్త ఆండ్రాయిడ్ వచ్చినప్పుడల్లా రిపేర్లు. ఇవి ప్రతి నెలా వచ్చే ఖర్చులు, చూసేది వందమందైనా లక్షమందైనా.

2021 జనవరిలో మలయాళంలో ఏం జరిగిందో గుర్తుందా, పెద్ద ప్లాట్‌ఫామ్‌లు వద్దన్న ఒక చిన్న సినిమా నీస్ట్రీమ్ అనే చిన్న యాప్‌లో వచ్చింది. జనం ఒక్కసారి ఎగబడేసరికి యాప్ మొరాయించింది. సినిమాకి దేశమంతా పేరొచ్చింది, కొన్నాళ్ళకి అదే సినిమా ప్రైమ్‌లోకి పోయింది. సినిమాకి మంచి జరిగింది, యాప్ సంగతి ఎవడికీ పట్టలేదు. హిట్ వస్తే చిన్న యాప్‌కి దక్కేది అదీ.

కేరళ ప్రభుత్వం మాత్రం ఒక పని చేసింది, 2024 మార్చిలో సీ స్పేస్ అని సొంత ఓటీటీ పెట్టారు. నెల చందా లేదు, సినిమాకి రూ.75 కట్టి చూడాలి, అందులో సగం తీసినవాడికి. మీలాంటివాళ్ళకి ఆ పద్ధతి బాగుంటది గానీ అది ప్రభుత్వం డబ్బు, మన దగ్గర ఎవరు పెడతారు. దూరదర్శన్ వాళ్ళ వేవ్స్ కూడా ఉంది, 2024 నవంబర్‌లో వచ్చింది, చూసేవాళ్ళకి చాలావరకు ఫ్రీ.

మీకు యూట్యూబే దారి. వెయ్యి సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ అయితే యాడ్ డబ్బులో 55 శాతం మీది, సర్వర్ ఖర్చు సున్నా, డౌన్‌లోడ్ గోల లేదు, సిరొంచ తమ్ముడి ఫోన్లో కూడా ఆల్రెడీ ఉంది. షార్ట్స్ మీద మరీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి, వాటికి 45 శాతం, పైగా రేటు చాలా తక్కువ. పెళ్ళి వీడియో డబ్బులతో పోలిస్తే ఇదంతా టీ ఖర్చే అనుకోండి మొదట్లో.

జయపురం స్టూడియో:

కోపమేమీ లేదు లెండి. యూట్యూబ్‌లో ఆల్రెడీ ఉన్నాను, టీ ఖర్చు అన్నది కరెక్టే, సమోసా దాకా ఇంకా రాలేదు.

కేబుల్ అన్నా, అయితే ఒకటి అడుగుతాను. మీకు లోకల్ ఛానెల్ ఉంది కదా కేబుల్లో? రాయగడ మజ్జిగౌరమ్మ చైత్ర జాతర మేం తీసి ఇస్తాం, మీరు వేయండి. జాతర వీడియోలో తన మొహం కనబడుద్దేమో అని చూసేవాడు ఏ ఓటీటీకీ పోడు.

గునుపూర్ కేబులబ్బాయి:

@జయపురం అన్నా ఫోన్ చెయ్యండి, ఇది మాట్లాడుకోవాల్సిందే. రాయగడ ఆపరేటర్ మా మేనమామే, ఆయన ఛానెల్లో కూడా వేయించొచ్చు.

టీచర్ గారూ, నాలుగు ఛానెళ్ళు నాలుగు యాప్‌లు అన్న మాట నేను రేపట్నుంచి ప్రతి ఇంట్లో చెప్తాను. కేబుల్ తీయించేస్తానన్నవాడి చేతిలో కాయితం పెట్టి ఆ నాలుగు చందాలూ కూడమంటాను, పక్కన నా తెలుగు బొకే రేటు రాస్తాను. ఇన్నాళ్ళూ నేను ఓటీటీ ఇవ్వకపోతే మునిగిపోతాను అనుకున్నాను తప్ప ఈ లెక్క వేయలేదు.

@బరంపురం అన్నా, మరి ఆ సేల్స్ అతనికి ఏం చెప్పమంటారు? పూర్తిగా వద్దనేయమంటారా? కుర్రాళ్ళున్న ఇళ్ళు, కేబుల్ లేకుండా ఒక్క ఫైబరే ఉన్న ఇళ్ళు నా దగ్గర వందకి దగ్గర్లో ఉన్నాయి, వాళ్ళు అడుగుతున్నారు నిజంగానే. కొత్త తెలుగు సినిమా నాలుగు వారాలకే వచ్చేస్తుంటే, మా ఊళ్ళో హాల్ పరిస్థితి మీకు తెలుసు కదా, ఇంక వాళ్ళకి అదే సినిమా హాలు.

బరంపురం టు హైదరాబాద్:

వద్దనకండి, బేరం ఆడండి. నేనైతే ఇలా అడుగుతాను.

మినిమమ్ గ్యారంటీ మీద సంతకం పెట్టను, యాక్టివేట్ అయిన ఇంటికే డబ్బు కడతాను అనండి. రేటు పెంచుతాడు, పెంచనివ్వండి. అందరికీ తీసుకుని ఇంటికి రూ.30 కట్టడం కన్నా, అడిగిన వందమందికి రూ.70 కట్టడం మీకు చవక, లెక్క వేసుకోండి (ఈ అంకెలు ఉదాహరణకే, మీ అతను ఏం చెప్పాడో మీకే తెలుసు). నాలుగొందలు ముప్పైల పన్నెండువేలు, వంద డెబ్బైల ఏడువేలు. పైగా ఆ వందమందీ అడిగి తీసుకున్నవాళ్ళు కాబట్టి డబ్బు వాళ్ళ దగ్గరే వసూలవుతుంది, ఆ నాలుగొందల్లో ఒడియా ఇంటాయన "నాకెందుకు బాబూ ఇది" అని బిల్లు కోసేస్తాడు.

ఏడాది వద్దు, మూడు నెలలు. యాప్ మధ్యలో ప్యాక్ నుంచి తప్పుకుంటే రేటు తగ్గించాలి అని రాయించుకోండి. ఇది ముఖ్యం, ఎందుకంటే ఈ కలిపి అమ్మేవాళ్ళ లిస్టులో ఇవాళ ఇరవై యాప్‌లు ఉంటాయి, ఆర్నెల్లకి మంచివి రెండు పోయి పేరు తెలియనివి నాలుగు వచ్చి చేరతాయి, అంకె మాత్రం పెరిగినట్టే ఉంటది. ఆ పేరు తెలియని వాటిలో ఏమున్నాయో కూడా చూసుకోండి. 2025 జులైలో కేంద్రం అశ్లీలం అని ఒకేసారి 25 యాప్‌లని బ్లాక్ చేసింది, మీరు అమ్మిన ప్యాక్‌లో అలాంటిది ఒకటుంటే ఊళ్ళో మీ పరువు పోతుంది.

టీవీలో వస్తుందా, ఎన్ని టీవీల్లో, ఏ క్వాలిటీ, యాడ్స్ ఉంటాయా, ఇవి కాయితం మీద రాయించుకోండి. యాడ్స్ లేవు అన్నవాడు రేపు పెట్టొచ్చు, ప్రైమ్ వాళ్ళే 2025 జూన్ నుంచి యాడ్స్ పెట్టి, అవి వద్దంటే ఏడాదికి ఇంకో రూ.699 అన్నారు.

ఇంకోటి ఎవరూ అడగనిది. మీకు పైనుంచి వచ్చే బ్యాండ్‌విడ్త్ ఎంత? వందమంది సాయంత్రం ఏడింటికి ఒకేసారి హెచ్‌డీ పెడితే తట్టుకుంటదా? యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్దవాళ్ళు తమ వీడియో కాపీలు దాచుకునే సర్వర్లని పెద్ద ఇంటర్నెట్ కంపెనీల దగ్గరే పెట్టిస్తారు, అందుకే అవి గబగబా వస్తాయి. చిన్న ప్రాంతీయ యాప్‌లకి ఆ స్తోమత ఉండదు, వీడియో ఎక్కడో దూరం నుంచి మీ లైన్ మీదుగానే రావాలి. బొమ్మ మసకబారినా గుండ్రం తిరిగినా కస్టమర్ యాప్‌ని తిట్టడు, కేబులోడి నెట్ బాలేదు అంటాడు. ముందు పదిమంది ఇళ్ళల్లో ట్రయల్ వేయించుకుని, ఆదివారం సాయంత్రం పూట చూడండి.

సిరొంచ పోరడు:

ఆదివారం కాదన్న, ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రోజు సూడు. అప్పుడు తెలుస్తది లైన్ దమ్ము.

గునుపూర్ కేబులబ్బాయి:

హహ అది నిజం, మ్యాచ్ రోజు నా ఫోన్ స్విచాఫ్ పెట్టుకోవాలనిపిస్తది.

సరే, ఇవాళ సాయంత్రం అతనికి ఫోన్ చేశాను. గ్యారంటీ లేకుండా కుదరదు అన్నాడు ముందు, తర్వాత యాభై ఇళ్ళకి గ్యారంటీ ఇస్తే మూడు నెలలకి ఒప్పిస్తానన్నాడు. యాభై అంటే అడిగినవాళ్ళలో సగమే కాబట్టి అంత భయం లేదు నాకు. టీవీలో వస్తది అన్నాడు, ఒక టీవీ, ఒక ఫోన్. తప్పుకున్న యాప్‌కి రేటు తగ్గించడం మాత్రం "పైవాళ్ళని అడగాలి" దగ్గర ఆగింది. అది ఒప్పుకునేదాకా సంతకం పెట్టను.

టీచర్ గారూ, ఒక్క మాట. మీ అత్తగారు మళ్ళీ కేబుల్ వేయించుకున్నప్పుడు ఏ బొకే తీసుకున్నారు, నాలుగు ఛానెళ్ళూ ఒకే దాంట్లో వచ్చాయా, విడివిడిగా వేయించారా? మా ఎమ్మెస్‌వో విడివిడిగా అంటున్నాడు, ఛానెల్‌కి రూ.19 లెక్కన నాలుగు కలిపితే పైన జీఎస్టీతో తొంభై దగ్గరకి పోతుంది.

పర్లాకిమిడి టీచరమ్మ:

విడివిడిగా అయితే అంతే పడుతుంది బాబూ, మాకూ మొదట అలాగే వేశారు. మీ ఎమ్మెస్‌వోని ఒక్కో గ్రూపు బొకే రేటు అడగండి, జీ వాళ్ళది, స్టార్ వాళ్ళది అలా. కామెడీ ఛానెళ్ళు, సినిమా ఛానెళ్ళు కూడా కలిసొచ్చి విడి ధర కంటే తక్కువే అయింది మాకు. రసీదు వెతికి రేపు స్కూల్ నుంచి వచ్చాక అంకెలు పెడతాను.